ఫర్నేస్ ఆగిపోయిన రోజుకు అందని రాయితీ

అమెరికాలో ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్ పదిహేనేళ్లు, బాగుంటే ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. నడుస్తున్నంత కాలం దాని గురించి ఎవరూ ఆలోచించరు. ఆగిపోయేది మాత్రం ఎక్కువగా దాని మీద భారం పడే రోజుల్లోనే. బయట మంచు పేరుకుపోయి ఉండే జనవరిలోనో ఫిబ్రవరిలోనో. ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే ఆ రాత్రి గడవడమే కష్టం. ఫోన్ చేస్తే వచ్చిన మెకానిక్ తన గోదాములో ఏది సిద్ధంగా ఉంటే అది తెచ్చి మర్నాటికల్లా బిగించి వెళ్తాడు. పాతది గ్యాస్‌దైతే కొత్తదీ గ్యాస్‌దే. మరో పదిహేనేళ్లపాటు ఆ ఇల్లు ఏ ఇంధనం మీద నడుస్తుందో ఆ ఒక్క రోజులో ఖాయమైపోతుంది.

ఇంటి ఇంధన ఖర్చు తగ్గించడానికి, గ్యాసు, చమురు వదిలి కరెంటుకు మారడానికి ప్రభుత్వాలు ఇచ్చే రాయితీల విలువ ఆ రోజే తెలుస్తుంది. ఎంత ఇస్తున్నారన్నది తర్వాతి మాట. ఆ రోజుకు ఆ డబ్బు కాంట్రాక్టర్ బిల్లులో తగ్గి కనిపిస్తుందా లేదా అన్నది అసలు మాట. 2022లో అమెరికా చేసిన చట్టం ఈ సంగతి గుర్తించి రాసిందే. కానీ రాసినదానికీ జరిగినదానికీ మధ్య చాలా దూరం మిగిలిపోయింది.

2022 ఆగస్టు 16న అధ్యక్షుడు జో బైడెన్ సంతకం చేసిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్‌లో ఇళ్ల కోసం రెండు రిబేట్ (కొనేటప్పుడే బిల్లులో తగ్గే రాయితీ) పథకాలు పెట్టారు. రెండింటికీ కలిపి 880 కోట్ల డాలర్లు. మొదటిదాన్ని హోమ్స్ అంటారు. ఇందులో ఏ యంత్రం కొన్నారని అడగరు, ఇంటి మొత్తం వాడకం ఎంత తగ్గుతుందని అడుగుతారు. లెక్క ప్రకారం 20 శాతం తగ్గితే 2,000 డాలర్ల వరకు, 35 శాతం తగ్గితే 4,000 వరకు ఇస్తారు. ఖర్చులో సగానికి మించదు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఈ మొత్తాలు రెట్టింపు, ఖర్చులో 80 శాతం దాకా వస్తుంది.

రెండోదాని పేరు హియర్. ఇది యంత్రాల వారీగా ఇచ్చేది. ఇంటిని వేడి, చల్లన చేసే హీట్ పంపుకు 8,000 డాలర్ల వరకు, నీళ్లు కాచే హీట్ పంప్ గీజరుకు 1,750, కరెంటు స్టవ్వుకో బట్టలారబెట్టే హీట్ పంప్ డ్రయ్యరుకో 840, కరెంటు ప్యానెల్ (ఇంట్లోకి వచ్చే కరెంటును పంచే బోర్డు) మార్చడానికి 4,000, వైరింగుకు 2,500, ఇన్సులేషనుకూ (వేడి బయటికి పోకుండా గోడల్లో, అటకల్లో వేసే పొర) గాలి చొరబడే సందులు మూయడానికీ 1,600. ఒక కుటుంబానికి మొత్తం మీద 14,000 డాలర్లు దాటదు. కుటుంబ ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో (సగం కుటుంబాలు అంతకంటే ఎక్కువ, సగం తక్కువ సంపాదించే మొత్తం) 80 శాతం లోపు ఉంటే ఈ పరిమితుల్లో ఖర్చు మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. 80 నుంచి 150 శాతం మధ్య ఉంటే సగం. అంతకు మించితే ఏమీ రాదు. ఒకే పనికి రెండు పథకాల డబ్బూ తీసుకోకూడదు.

ఈ యంత్రాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది హీట్ పంప్. తెలుగు ఇళ్లలో ఇది పూర్తిగా కొత్త వస్తువేమీ కాదు. స్ప్లిట్ ఏసీ గదిలోని వేడిని లాగి బయట పారబోస్తుంది. అదే ఏసీని తిరగేసి నడిపితే బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ పోగుచేసి లోపలికి తెస్తుంది. హాట్ అండ్ కోల్డ్ అని అమ్మే ఏసీలు చేసేది ఇదే. వేడిని పుట్టించడం లేదు, ఒకచోటి నుంచి మరోచోటికి మోస్తోంది కాబట్టి ఒక యూనిట్ కరెంటు తింటే రెండున్నర, మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. బొగ్గులా ఎర్రబడే కాయిల్ హీటరు ఒక యూనిట్ తిని ఒక యూనిట్ వేడే ఇస్తుంది. చలి బాగా ముదిరిన కొద్దీ హీట్ పంప్ సామర్థ్యం తగ్గుతుంది. అయినా ఇప్పటి మోడళ్లు సున్నా కంటే బాగా దిగువన కూడా పనిచేస్తున్నాయి. 2022లో అమెరికాలో గ్యాస్ ఫర్నేసుల కంటే హీట్ పంపులే ఎక్కువ అమ్ముడుపోయాయి.

అలాగని పాత ఇంటికి దీన్ని తెచ్చి బిగించడం తేలిక కాదు. 1960లలోనో 70లలోనో కట్టిన ఇంట్లో కరెంటు ప్యానెల్ 100 ఆంపియర్లకు సరిపోయేది ఉంటుంది. దాని మీద హీట్ పంపు, గీజరు, ఇండక్షన్ స్టవ్వు, రేపు కారు చార్జరు అన్నీ వేయాలంటే 200 ఆంపియర్ల ప్యానెల్ కావాలి. ఒక్కోసారి కరెంటు కంపెనీ వీధి నుంచి వచ్చే తీగనే మార్చాల్సి వస్తుంది. మునిసిపల్ పర్మిట్, ఇన్‌స్పెక్షన్ దీనికి అదనం. రెండువేలో మూడువేలో డాలర్లు, కొన్ని వారాల ఆలస్యం ఇక్కడే పడతాయి. అందుకే చట్టం ప్యానెలుకూ వైరింగుకూ విడిగా డబ్బు పెట్టడం చాలా మంచి నిర్ణయం. పత్రికలు, టీవీలు మాత్రం గ్యాస్ స్టవ్వు చుట్టూ తిరిగాయి. 2023 మొదట్లో గ్యాస్ స్టవ్వులు నిషేధిస్తారట అంటూ చెలరేగిన గొడవ ఈ పథకాల మీద ప్రజల్లో అనవసరమైన అనుమానం నాటింది. ఇంట్లో కాలే గ్యాసులో వంటకు పోయేది చిన్న వాటా, పెద్ద వాటా ఫర్నేసుదీ గీజరుదీ.

చట్టంలో అన్నిటికంటే తెలివైన భాగం డబ్బు ఇచ్చే పద్ధతి. ఇంతకుముందు అమెరికా ఇలాంటి ప్రోత్సాహాలను ఎక్కువగా ట్యాక్స్ క్రెడిట్ (కట్టాల్సిన పన్నులో తగ్గింపు) రూపంలో ఇచ్చింది. చమురు సంక్షోభం తర్వాత 1978లో తెచ్చిన ఇంధన పన్ను చట్టం కూడా ఇంటికి ఇన్సులేషన్ వేయించుకుంటే 15 శాతం, గరిష్ఠంగా 300 డాలర్లు పన్నులో తగ్గించింది. ట్యాక్స్ క్రెడిట్‌లో రెండు ఇబ్బందులు. ముందు మొత్తం డబ్బు సొంత జేబు నుంచి పెట్టుకోవాలి, మరుసటి ఏడాది రిటర్న్ దాఖలు చేశాక తిరిగి వస్తుంది. రెండోది, కట్టాల్సిన పన్నే లేకపోతే తగ్గించడానికి ఏమీ ఉండదు. అంటే ఎవరి దగ్గర డబ్బు ఉందో, ఎవరికి పన్ను పడుతుందో వాళ్లకే అది ఉపయోగం. రిబేట్ అలా కాదు. కొనేటప్పుడే బిల్లులో తగ్గిపోతుంది. కాంట్రాక్టరు తర్వాత ఆ మొత్తాన్ని రాష్ట్రం నుంచి రాబట్టుకుంటాడు.

2022 చట్టం రెండు దారులూ తెరిచింది. హీట్ పంపుకు ఏడాదికి 2,000 డాలర్ల వరకు, ఇన్సులేషన్, కిటికీల వంటివాటికి మరో 1,200 వరకు 30 శాతం ట్యాక్స్ క్రెడిట్ పెట్టింది. ఇంటిపై సోలార్‌కు పరిమితి లేకుండా 30 శాతం. ఈ క్రెడిట్లకు కొత్త కార్యాలయాలు అక్కరలేదు, రిటర్న్‌లో ఒక ఫారం చేర్చితే చాలు. అందుకే అవి 2023 జనవరి నుంచే నడిచాయి. ఆ ఒక్క సంవత్సరానికే 34 లక్షల కుటుంబాలు 840 కోట్ల డాలర్లు క్లెయిమ్ చేసుకున్నాయని అమెరికా ఆర్థిక శాఖ లెక్క చెప్పింది. పదేళ్లపాటు పేద, మధ్యతరగతి ఇళ్ల కోసమని పెట్టిన రిబేట్ల మొత్తం 880 కోట్లు. దాదాపు అంత డబ్బు పన్ను కట్టే ఇళ్లకు ఒక్క ఏడాదిలో చేరింది. ఆ ఏడాదిలో ఈ కొత్త రిబేట్ల నుంచి ఒక్క డాలరు కూడా ఏ ఇంటికీ చేరలేదు.

ఎందుకు చేరలేదు? డబ్బు వాషింగ్టన్ నుంచి నేరుగా ఇళ్లకు వెళ్లదు, రాష్ట్రాల ఇంధన కార్యాలయాల ద్వారా వెళ్లాలి. ఇంధన శాఖ మార్గదర్శకాలు 2023 జులైలో వచ్చాయి. ఆ తర్వాత ప్రతి రాష్ట్రం దరఖాస్తు పెట్టుకోవాలి. ఆదాయాన్ని ఎలా నిర్ధారిస్తుందో, కాంట్రాక్టర్లను ఎలా ఎంపిక చేస్తుందో, మోసాలు జరగకుండా వినియోగదారుణ్ని ఎలా కాపాడుతుందో, ఒకే పనికి రెండుసార్లు డబ్బు పోకుండా ఏ సాఫ్ట్‌వేర్ వాడుతుందో రాసి ఒప్పించాలి. పథకం నడిపే సంస్థకు టెండరు పిలవాలి. వీటిలో ఏదీ అనవసరం అని కొట్టిపారేయలేం. ఇన్సులేషన్ పేరుతో ఆస్ట్రేలియా 2009లో హడావుడిగా మొదలుపెట్టిన పథకంలో శిక్షణ లేని పనివాళ్లు అటకల్లోకి ఎక్కారు, నలుగురు చనిపోయారు, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పథకాన్నే మూసేశారు. ఆ అనుభవం చూసినవాళ్లెవరూ జాగ్రత్తలను తక్కువ చేసి మాట్లాడరు. కానీ అమెరికాలో జాగ్రత్తలన్నీ వరసలో ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి, పక్కపక్కన నడవలేదు. మొదటి రాష్ట్రంగా న్యూయార్క్ 2024 మే చివర్లో హియర్ రిబేట్లు ప్రారంభించింది. చట్టం వచ్చి అప్పటికి 21 నెలలు. విస్కాన్సిన్ ఆ ఆగస్టులో హోమ్స్ తెరిచింది. 2025 జనవరి నాటికి తలుపులు తెరిచిన రాష్ట్రాలు డజను పైచిలుకు.

కొన్ని రాష్ట్రాల్లో రాజకీయం కూడా కలిసింది. సౌత్ డకోటా ఆ డబ్బే వద్దంది. ఫ్లోరిడాకు కేటాయించిన దాదాపు 34.6 కోట్ల డాలర్ల పథకం ఏర్పాట్ల కోసం శాసనసభ ఆమోదించిన నిధులను 2023లో గవర్నర్ వీటో చేశారు. టెక్సాస్‌కు కేటాయింపు అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ, 69 కోట్ల డాలర్లు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ శివార్లలో స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాలకు ఈ అంకె తెలిసి ఉండాల్సింది, ఎందుకంటే అది వాళ్ల రాష్ట్రానికి రాసిపెట్టిన డబ్బు.

2025 జనవరి 20న కొత్త అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ తొలిరోజే సంతకం చేసిన ఆదేశాల్లో ఈ చట్టం కింద నిధుల విడుదలను నిలిపివేయాలన్నది ఒకటి. అరిజోనా, రోడ్ ఐలండ్ వంటి రాష్ట్రాలు నడుస్తున్న పథకాలను ఆపి, డబ్బు మళ్లీ అందుతుందని తేలాక తెరిచాయి. ఆ కొన్ని వారాలు నలిగిపోయింది చిన్న కాంట్రాక్టర్లు. రిబేట్‌ను బిల్లులో తగ్గించి యంత్రం బిగించేశారు, రాష్ట్రం నుంచి రావాల్సిన ఎనిమిదేసి వేల డాలర్లు ఎప్పుడొస్తాయో తెలియదు. నలుగురు పనివాళ్లతో, రెండు వ్యాన్లతో నడిచే సంస్థకు అలాంటి బిల్లులు ఓ పది ఇరుక్కుంటే జీతాలు ఆగిపోతాయి. ఆ దెబ్బ తిన్న కాంట్రాక్టర్ తర్వాత వచ్చే కస్టమరుకు ఈ పథకం ఊసే ఎత్తడు. ఇంటి యజమానికి సలహా ఇచ్చేది కాంట్రాక్టరే కాబట్టి అతని నమ్మకం పోవడమంటే పథకానికి నోరు పోవడమే.

అదే ఏడాది జులై 4న సంతకమైన వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్ చట్టం ఇళ్ల ట్యాక్స్ క్రెడిట్లను 2025 డిసెంబరు 31తో ముగించింది. అంతకుముందు కనీసం 2032 దాకా ఉంటాయన్నవి అవి. రిబేట్ పథకాలను మాత్రం ఆ చట్టం రద్దు చేయలేదు. త్వరగా నడిచిన దారి మూతపడింది, నిదానంగా నడిచిన దారి మిగిలింది.

రాజకీయాలను పక్కన పెట్టినా ఒక లోపం నిర్మాణంలోనే ఉంది. చాలా రాష్ట్రాల్లో హియర్ రిబేట్ కావాలంటే ముందు ఆదాయ పత్రాలు పెట్టి అర్హత తేల్చుకోవాలి, జాబితాలోని కాంట్రాక్టర్ల దగ్గర కొటేషన్ తీసుకోవాలి, రిబేట్ మొత్తాన్ని రిజర్వు చేయించుకోవాలి, ఆ తర్వాతే పని మొదలవ్వాలి. ముందే బిగించేసుకున్నవాటికి ఇవ్వరు. తీరిగ్గా వసంతకాలంలో ప్లాన్ చేసుకునే ఇంటికి ఇందులో ఇబ్బంది లేదు. జనవరి రాత్రి ఫర్నేస్ ఆగిపోయిన ఇంటికి ఇది అందదు. అలా అత్యవసరంలో పడేది ఎక్కువగా ఎవరో ఊహించడం కష్టం కాదు. పాడైపోకముందే యంత్రం మార్చుకునే స్తోమత లేనివాళ్లు, పాతదాన్ని ఆఖరి రోజు వరకు లాక్కొచ్చేవాళ్లు. పథకం ఎవరి కోసమో వాళ్లే.

మెయిన్ రాష్ట్రాన్ని చూస్తే ఈ లోపం తప్పనిసరి కాదని తెలుస్తుంది. ఈశాన్య కొసన ఉన్న ఈ చిన్న రాష్ట్రంలో చలి ఘోరం, ఇళ్లలో సగానికి పైగా చమురు బాయిలర్లే. 2019లో ఆ రాష్ట్రం 2025 లోపు లక్ష హీట్ పంపులు పెట్టించాలని లక్ష్యం పెట్టుకుని 2023లోనే దాటేసింది. అక్కడ కిటుకేమీ లేదు. ఎఫిషియెన్సీ మెయిన్ అనే ఒకే సంస్థ ఏళ్ల తరబడి ఒకే రకమైన సులువైన రిబేట్‌ను ఆపకుండా నడిపింది. 2023లో ఆ రిబేట్‌ను ఇంటి మొత్తానికి సరిపడే హీట్ పంపుల వైపు మళ్లించి, ఆదాయం ఏదైనా 4,000 డాలర్ల వరకు, మధ్య ఆదాయానికి 6,000, తక్కువ ఆదాయానికి 8,000 అని మూడు మెట్లు పెట్టింది. అందరికీ ఎంతో కొంత ఉంది కాబట్టి కాంట్రాక్టరుకు గిరాకీ మీద ధైర్యం ఉంటుంది, గోదాములో సరుకు పెడతాడు, పనివాళ్లకు నేర్పిస్తాడు. అలాంటి ఊళ్లో బాయిలరు చెడిపోతే వచ్చే మనిషి చేతిలో ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉంటుంది. ఆదాయ పరిమితులు న్యాయమైనవే, కానీ పూర్తిగా కొందరికే పరిమితం చేసిన పథకంలో మార్కెట్ అలవాటు పడే అవకాశం తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య మెయిన్ ఎంచుకున్న దారి మేలైనదిగా కనిపిస్తోంది.

దీనికి పూర్తి విరుద్ధంగా బ్రిటన్ 2020 సెప్టెంబరులో 150 కోట్ల పౌండ్లతో గ్రీన్ హోమ్స్ గ్రాంట్ వోచర్లు తెరిచి ఆరు నెలలకే, 2021 మార్చి చివర్లో మూసేసింది. 6 లక్షల ఇళ్లకు అనుకున్నది చివరికి 47,500 ఇళ్లకే చేరుతుందని ఆ దేశపు ఆడిట్ సంస్థ అంచనా కట్టింది. ఆరు నెలల పథకాన్ని నమ్మి పనివాణ్ని పెట్టుకునే కాంట్రాక్టర్ ఉండడు.

ఇక్కడ మన దేశం చేసిన ఒక పని గుర్తుచేసుకోవాలి. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకంలో ఎల్‌ఈడీ బల్బు కొనేవాళ్ల ఆదాయం అడగలేదు. కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ కోట్ల సంఖ్యలో ఒకేసారి టెండరు పిలవడంతో 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016కల్లా 38కి పడిపోయింది. 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. కరెంటు బిల్లులో నెలకు పది రూపాయల చొప్పున కట్టే వీలు కూడా ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే అంతకు ముందే, 2014 చివర్లోనే గుంటూరు, అనంతపురం వంటి జిల్లాల్లో పాత బల్బు తెచ్చిచ్చినవాళ్లకు పది రూపాయలకే ఎల్‌ఈడీ ఇచ్చారు. బల్బుకూ హీట్ పంపుకూ పోలిక ఎక్కడ అనవచ్చు. బల్బు ఎవరైనా బిగించుకుంటారు, హీట్ పంపు బిగించడానికి నిపుణులు కావాలి. నిజమే. కానీ ధరను పైనే తగ్గించేస్తే కింద ప్రతి ఇంటి చేతా పత్రాలు పెట్టించే పని ఉండదన్న సూత్రం రెండింటికీ వర్తిస్తుంది. అమెరికాలోనే కొన్ని కరెంటు కంపెనీలు హీట్ పంప్ గీజర్లకు ఇంటివాళ్లకు కాకుండా టోకు వ్యాపారికి రాయితీ ఇచ్చి, దుకాణంలో ధరే తక్కువ కనిపించేలా చేస్తున్నాయి. ఈ పద్ధతికి ఇంకా ఎక్కువ చోటు దక్కాలి.

మన పీఎం సూర్యఘర్ పథకం మాత్రం అమెరికా పాత పద్ధతికి దగ్గరగా ఉంది. మూడు కిలోవాట్లు, ఆపైన ఇంటి సోలార్‌కు 78,000 రూపాయల సబ్సిడీ ప్యానెళ్లు బిగించి, మీటరు పెట్టాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంతవరకూ డబ్బు ఇంటివాళ్లే సర్దుకోవాలి. తాకట్టు లేని బ్యాంకు అప్పు ఏర్పాటు చేయడం ఈ లోటు పూడ్చడానికే.

రాయితీ అందిందే అనుకుందాం. బిల్లు నిజంగా తగ్గుతుందా? ఇది పాత ఇంధనం ఏమిటన్నదాని మీద ఆధారపడుతుంది, ఈ మాట రాయితీ ప్రకటనల్లో తగినంత గట్టిగా చెప్పడం లేదు. అమెరికాలో గ్యాసును అమ్మే కొలత థర్మ్. ఒక థర్మ్ గ్యాసులో దాదాపు 29 యూనిట్ల వేడి ఉంటుంది. థర్మ్ ధర డాలరున్నర లోపు, ఫర్నేస్ సామర్థ్యం 95 శాతం అనుకుంటే ఇంట్లోకి చేరే ఒక యూనిట్ వేడికి అయిదు సెంట్ల చిల్లర పడుతుంది. హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇస్తే, కరెంటు యూనిట్ 15 సెంట్లున్న చోట ఖర్చు 5 సెంట్లు, అంటే గ్యాసుతో సమానం. కాలిఫోర్నియాలోనో మసాచుసెట్స్‌లోనో యూనిట్ 30 సెంట్లు దాటితే 10 సెంట్లు, అంటే శీతాకాలం బిల్లు పెరుగుతుంది. అదే చమురు బాయిలరు ఉన్న ఇంట్లో గాలన్ మూడున్నర డాలర్లయినా యూనిట్ వేడికి 10 సెంట్ల పైన పడుతుంది. అక్కడ కరెంటు యూనిట్ 25 సెంట్లున్నా హీట్ పంపుకు 8 సెంట్ల చిల్లరే అవుతుంది. ఇక దక్షిణాది రాష్ట్రాల్లో కాయిల్ హీటర్లతో వెచ్చబడే ఇళ్లకు లాభం అన్నిటికంటే ఎక్కువ, హీటింగ్ కరెంటులో సగానికి పైగా మిగులుతుంది. కాబట్టి ఒకే 8,000 డాలర్లు ఒక ఇంటికి ఏటా ఆదా తెచ్చిపెడితే ఇంకో ఇంటికి బిల్లు పెంచవచ్చు. పేద కుటుంబానికి యంత్రం ఉచితంగా ఇచ్చి నెల బిల్లు పెంచడం సాయం అనిపించుకోదు. అలాంటి చోట ముందు ఇన్సులేషన్ వేసి, సందులు మూసి, కరెంటు టారిఫ్‌లో హీట్ పంపుకు వేరే రేటు ఇవ్వాలి.

ఇన్సులేషన్ లెక్కలను కూడా కళ్లు మూసుకుని నమ్మలేం. 1976 నుంచి అమెరికా పేద ఇళ్లకు ఉచితంగా ఇన్సులేషన్, సందులు మూయడం వంటి పనులు చేయించే వెదరైజేషన్ అనే పథకం నడుపుతోంది, ఇప్పటికి 70 లక్షలకు పైగా ఇళ్లు దాని కింద బాగుపడ్డాయి. మిషిగన్‌లో దాదాపు 30,000 కుటుంబాలతో ముగ్గురు ఆర్థికవేత్తలు, మెరెడిత్ ఫౌలీ, మైకేల్ గ్రీన్‌స్టోన్, కేథరిన్ వుల్ఫ్‌రామ్, చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్ చూపిన ఆదా నిజంగా జరిగినదానికి మూడు రెట్లకు పైగా ఉంది. పెట్టిన ఖర్చు, మిగిలిన ఇంధనం విలువకు రెట్టింపు. ఆ పరిశోధనలో ఇంకో సంగతి కూడా బయటపడింది. ఇంటింటికీ తిరిగి, ఫోన్లు చేసి, దరఖాస్తు నింపడంలో సాయం చేసినా అందులో 6 శాతం కుటుంబాలు కూడా ఆ ఉచిత సేవను వాడుకోలేదు. పత్రాలు, ఇంటికి పలుమార్లు మనుషులు రావడం, ఉద్యోగానికి సెలవు పెట్టాల్సి రావడం, ప్రభుత్వం పేరుతో వచ్చేవాళ్ల మీద అనుమానం. ఉచితం అన్న మాట వీటన్నిటినీ తొలగించలేకపోయింది. రిబేట్ మొత్తాన్ని పెంచితే జనం వస్తారనుకునేవాళ్లు ఈ 6 శాతాన్ని గుర్తుపెట్టుకోవాలి. చలికి వణకని ఇల్లు, పొగ గొట్టం లీకు కాని ఇల్లు ఇచ్చే సుఖం ఆ ఇంధన లెక్కలో లేదన్నది కూడా నిజమే.

హోమ్స్ పథకం ఈ పాఠం కొంత నేర్చుకున్నట్టుంది. సాఫ్ట్‌వేర్ అంచనాతో ఇచ్చే రిబేట్‌తో పాటు, పని అయ్యాక మీటరులో నిజంగా తగ్గిన యూనిట్లను కొలిచి దాని ప్రకారం చెల్లించే దారి కూడా చట్టంలో పెట్టారు. రెండోదానిలో నిజాయితీ ఎక్కువ. కానీ డబ్బు ఆలస్యంగా వస్తుంది, ఆ లోపు పెట్టుబడి ఎవరో భరించాలి.

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో చాలామంది ఈ రిబేట్లు తమకు కాదని ముందే అనుకుంటారు. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న ఇళ్లలో చాలాచోట్ల అది నిజమే. కానీ కొలత దేశ సగటు కాదు, ఆ కౌంటీది (మన జిల్లా లాంటిది), కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి మారేది. కాలిఫోర్నియా శాంటా క్లారా కౌంటీలో నలుగురి కుటుంబానికి 2024లో మధ్యస్థ ఆదాయం 1,84,300 డాలర్లు. దానికి 150 శాతం అంటే దాదాపు 2,76,000. ఒక్కరే సంపాదించే కుటుంబాలు, కొన్ని ఇద్దరూ సంపాదించే కుటుంబాలు కూడా ఆ గీత లోపలే ఉంటాయి. పైగా ఆ ప్రాంతంలో గ్యాసు వదిలి కరెంటుకు మారడం ఐచ్ఛికం కాకుండా పోయే రోజు వస్తోంది. బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో పరిసర ప్రాంతం) వాయు కాలుష్య నియంత్రణ సంస్థ 2023 మార్చిలో చేసిన నియమాల ప్రకారం 2027 నుంచి చిన్న గ్యాస్ గీజర్లు, 2029 నుంచి గ్యాస్ ఫర్నేసులు కొత్తగా అమ్మడానికి వీల్లేదు. పాతవి వాడుకోవచ్చు, చెడిపోతే మాత్రం కరెంటువే కొనాలి. ఫ్రీమాంట్, సన్నీవేల్ వంటి ఊళ్లలో పాత ఇల్లు కొన్నవాళ్లు గీజరు మీది లేబుల్‌పై తయారైన ఏడాది, ప్యానెల్ మీద ఆంపియర్లు ఇప్పుడే చూసుకోవడం మంచిది. గీజరు పదేళ్లు దాటితే, ప్యానెల్ 100 ఆంపియర్లే అయితే అది బాగున్నప్పుడే రాష్ట్ర ఇంధన కార్యాలయం వెబ్‌సైటులో అర్హత తేల్చుకుని, జాబితాలో ఉన్న కాంట్రాక్టర్లతో ఒకటి రెండు కొటేషన్లు తీసి పెట్టుకోవాలి.

వంట విషయంలో మన ఇళ్లకు ప్రత్యేకమైన బెంగ ఉంది. పుల్కా పొంగడానికి, వంకాయ కాల్చడానికి మంట కావాలి. అడుగు గుండ్రంగా ఉన్న బాణలి, అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ మీద పనిచేయవు. మరోవైపు పోపు, వేపుళ్ల వాసనతో పాటు గ్యాస్ మంట విడుదల చేసే నైట్రోజన్ డయాక్సైడ్ కూడా కిటికీలు మూసిన శీతాకాలపు వంటగదిలో నిలిచిపోతుంది. 840 డాలర్ల కోసం హడావుడి పడక్కరలేదు. ముందు గీజరు, ఫర్నేస్ చూసుకుని, ప్యానెల్ మార్చేటప్పుడే స్టవ్వుకు 240 వోల్టుల లైన్ ఒకటి వేయించి ఉంచితే తర్వాత ఎప్పుడైనా మారవచ్చు. ఆ వైరింగుకు కూడా రిబేట్ ఉంది.

ఈ పథకాలు ఇంకా సరిగా చేరుకోనిది అద్దె ఇళ్లను. అమెరికా కుటుంబాల్లో మూడో వంతు అద్దెకు ఉంటాయి. కొత్తగా వెళ్లిన విద్యార్థులు, ఉద్యోగులు దాదాపు అందరూ అక్కడే. ఫర్నేస్ కొనేది యజమాని, బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు. యజమానికి చవకైన యంత్రమే లాభం, అది ఎంత కరెంటు తిన్నా అతనికి పట్టదు. పెద్ద భవనాల్లో సగం కుటుంబాలైనా ఆదాయ పరిమితి లోపల ఉంటే యజమాని రిబేట్ తీసుకోవచ్చని చట్టం అంటోంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లుండే ఇళ్లకు రిబేట్ తీసుకున్న యజమాని కనీసం రెండేళ్లు ఆ మెరుగుదల పేరు చెప్పి అద్దె పెంచకూడదని ఇంధన శాఖ షరతు పెట్టింది. షరతు న్యాయమైనదే. అయితే ఉన్నదాంతో నెట్టుకొచ్చే యజమానికి ఆ మెరుగుదల మొదలుపెట్టాలనిపించే కారణం ఈ నియమాల్లో ఎక్కడా లేదు. అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ కనీస ఇంధన ప్రమాణం పెడితే తప్ప ఆ కారణం రాదు. కొలరాడోలోని బౌల్డర్ నగరం 2010లోనే అలాంటి నిబంధన చేసి, దాన్ని అద్దె లైసెన్సుకు ముడిపెట్టింది. గడువు 2018 చివరి వరకు ఇచ్చింది. అన్నేళ్ల సమయం ఇచ్చారు, రాయితీలు ఇచ్చారు, సలహాదారులను పంపారు, ఆ తర్వాత పట్టుబట్టారు. ఆ నగరంలో ఇల్లు అద్దెకివ్వాలంటే ఇప్పుడు ఆ ప్రమాణం అందుకోవాల్సిందే.